కిటికీ అవతలి అయిదుగురు

ఇంద్రజ టీచరు ఫోనులో తీసిన పాఠాలు ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లలో ఎంతో పేరు తెచ్చుకున్నాయి. పాఠం ఇంట్లో చూడటం, బళ్లో ఆ పాఠాన్ని చేతులతో చేసి చూడటం, ఇదీ ఆమె పద్ధతి. సాయంత్రం పిల్లలు ఇళ్లలో ఫోను ముందర కూర్చుని ఆమె మాటలు వింటారు. మర్నాడు తరగతిలో బల్లలు గుండ్రంగా జరుపుకుని ప్రయోగాలు చేస్తారు, ఒకరినొకరు ప్రశ్నలు వేసుకుంటారు. ఏడో తరగతి సైన్సు పీరియడంటే పిల్లలు పరుగెత్తుకొచ్చే రోజులొచ్చాయి. ఆ తరగతిని వీడియో తీసి పంపితే, నంద్యాలలో జరిగే టీచర్ల శిక్షణలో అందరికీ చూపిస్తామని కబురొచ్చింది. తల్లిదండ్రుల తరఫున ఒకరిని వెంటబెట్టుకు రమ్మన్నారు. బడి కమిటీలో సభ్యురాలైన సర్దార్‌బీని తీసుకుని ఇంద్రజ పొద్దున్నే బస్సెక్కింది. వీడియో తీసిన రోజు తను చేసిన ఒక పని సంగతి మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. తనకు తాను కూడా సరిగా చెప్పుకోలేదు.

బస్సులో ఉన్నంతసేపూ సర్దార్‌బీ తను చెప్పాల్సిన నాలుగు మాటలు మననం చేసుకుంటూనే ఉంది. ఆమె బొంతలు కుడుతుంది. పాత చీరలు, లుంగీలు తెచ్చిచ్చినవాళ్లకు చలికాలానికి సరిపడా కుట్టి ఇస్తుంది. భర్త సైదా సాహెబ్ చాగలమర్రి బజారులో గ్యాసు పొయ్యిలు బాగుచేస్తాడు. కొడుకు షఫీ అహోబిలానికి యాత్రికుల్ని తీసుకుపోయే జీపు నడుపుతాడు. బిడ్డ తహసీన్ ఇంద్రజ తరగతిలోనే చదువుతోంది. మైకులో మాట్లాడటం సర్దార్‌బీకి ఇదే మొదలు. అందుకని పెట్టెలో దాచుకున్న ముదురాకుపచ్చ చీర కట్టుకుని, దాని మీద నల్లటి బురఖా వేసుకుని వచ్చింది. మాటిమాటికీ ఇంద్రజ వైపు తిరిగి, "మా పాప తహసీన్ ఏడో తరగతి చదువుతాండాది, అని మొదులుపెడితే బాగుంటాదా మేడమ్?" అని అడుగుతోంది. బాగుంటుందని ఇంద్రజ తలూపింది. ఆ పేరు విన్నప్పుడల్లా ఆమె చూపు కిటికీలోంచి శనగ చేల మీదికి పోయింది.

శిక్షణ హాలు టీచర్లతో నిండిపోయి ఉంది. గోడకు కట్టిన తెర సినిమా హాల్లోదంత లేకపోయినా, ఇంద్రజ తన పాఠాన్ని అంత పెద్దగా ఎప్పుడూ చూడలేదు. హెడ్మాస్టరు రాజశేఖర్ సార్ కారులో ముందే వచ్చి, మొదటి వరసలో అధికారుల పక్కన కూర్చున్నాడు. ఇంద్రజను చూడగానే బొటనవేలు పైకెత్తి చూపించాడు. రెండో వరసలో ఇంద్రజ, ఆమె పక్కన సర్దార్‌బీ కూర్చున్నారు. దీపాలు ఆర్పేముందు సర్దార్‌బీ ఆమె చెవి దగ్గరికి వంగింది.

"మా పాప గూడా కనపడతాది గదా మేడమ్?"

"వెనకెక్కడో ఉంటుందిలే అక్కా. సరిగా కనిపించకపోవచ్చు" అంది ఇంద్రజ.

సర్దార్‌బీ సంతోషంగా వెనక్కి వాలింది. కళ్లజోడు తీసి, బురఖా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. వెనక ఎక్కడున్నా వెతికి పట్టుకోవాలన్న పట్టుదల ఆమె మొహంలో కనిపించింది.

తెర మీద తరగతి మొదలైంది. ఆమ్లాలు, క్షారాల పాఠం. పిల్లలు ఇళ్ల నుంచి తెచ్చిన పసుపును నీళ్లలో కలిపి, తెల్ల కాగితాలకు పూసి ఆరబెట్టుకున్నారు. ఒక్కో బల్ల దగ్గర నిమ్మరసం, మజ్జిగ, సబ్బునీళ్లు, సున్నపు తేట. ఏ చుక్క పడితే పసుపు కాగితం ఎర్రబడుతుంది, ఏది పడితే మారదు? ముందే ఊహించి చెప్పాలి, ఆ తర్వాతే చుక్క వెయ్యాలి. లావణ్య అనే పిల్ల లేచి, అమ్మవాళ్లు పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్లు చేసి దిష్టి తీస్తారు కాబట్టి సున్నానికి ఎర్రబడుతుందని చెప్పింది. హాల్లో టీచర్లు మెచ్చుకోలుగా నవ్వారు. ముందు కూర్చున్న అధికారి పక్కాయనతో ఏదో అన్నాడు. రాజశేఖర్ సార్ వెనక్కి తిరిగి ఇంద్రజను చూశాడు.

ఇంద్రజ మాత్రం తెర మీద లేని పిల్లల్నే చూస్తోంది.

ఆరోజు వీడియో తీయడం మొదలుపెట్టినప్పుడు ఆమె మొదటి ప్రశ్న అడిగింది తహసీన్‌నే. ముందు రోజు సాయంత్రం పాఠం చూసినవాళ్లకు నోటి మీదుండే జవాబది. తహసీన్ లేచి నిలబడింది. చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ అట్లాగే ఉండిపోయింది. తర్వాత జాన్‌ను అడిగితే వాడు నేల చూపులు చూశాడు. వీడియో తీస్తున్న హరీష్ సార్ ఫోను దించేసి, "మళ్లా మొదట్నుంచి తీద్దామా మేడమ్?" అన్నాడు. ఇంద్రజకు చిరాకేసింది. కానీ ఆమె ఎవరినీ తిట్టలేదు. గొంతు ఎంతో మెత్తగా చేసుకుని, తహసీన్‌తో పాటు ఇంకో నలుగురి పేర్లు చదివి, లైబ్రరీ గదిలో పుస్తకాలు చెదిరిపోయి ఉన్నాయి, కొంచెం సర్దిపెట్టి రండి తల్లీ అంది. అయిదుగురూ లేచి వెళ్లిపోయారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. ఆ తర్వాత తరగతి అద్భుతంగా సాగింది.

ఆ అయిదుగురికి పాఠం ఎందుకు రాదో ఆమెకు తెలుసు. ఆ ఇళ్లలో ఉండేది ఒక్కటే ఫోను. అది పనికి పోయే మగవాళ్ల జేబులో ఊరేగి, దీపాలు పెట్టాక ఇంటికొస్తుంది. మొదట్లో ఇంద్రజే ఈ సంగతి కనిపెట్టింది. బడి గంట కొట్టక ముందే వాళ్లను పిలిచి, తరగతి గోడకున్న పెద్ద ప్యానెల్ తెర మీద పాఠం వేసి చూపించింది. కొన్నాళ్లు బాగానే జరిగింది. తర్వాత కొత్త వీడియోలు తీయాల్సి వచ్చింది, పక్క మండలాల టీచర్లు ఫోన్లు చేసి అడగడం మొదలుపెట్టారు, పొద్దున పూట తీరిక తగ్గింది. ఒకరోజు కుదర్లేదు, మర్నాడూ కుదర్లేదు. ఆ పిల్లలు గంటకు ముందే వచ్చి మూసిన తలుపు దగ్గర కాసేపు నిలబడి, ఆటకు పోవడం అలవాటు చేసుకున్నారు. పాఠం చూశారా అని అడిగితే చూశాం మేడమ్ అనడం కూడా నేర్చుకున్నారు. అది అబద్ధమని తెలిసీ ఆమె సరేననడం నేర్చుకుంది.

తెర మీద సున్నపు చుక్క పడింది. పసుపు కాగితం ఒక్కసారిగా ఎర్రబడింది. పిల్లలంతా కేరింతలు కొట్టారు. హరీష్ సార్ ఆ సంబరం మొత్తం పట్టాలని ఫోనును గిర్రున తిప్పినట్టున్నాడు, బల్లలు, చేతులు, మొహాలు దాటి బొమ్మ గోడ మీదికి పోయింది. గోడకున్న కిటికీ మీద క్షణకాలం ఆగింది.

కిటికీ అవతల, ఊచలు పట్టుకుని, తహసీన్ ఉంది.

మునివేళ్ల మీద నిలబడి ఉండాలి, గడ్డం కిటికీ అంచుకు ఆనించుకుని ఉంది. ఆమె భుజం పక్కన జాన్ తల, ఇంకా వెనక మరో రెండు తలలు, వాళ్ల వెనక చివరి పిల్లాడి జుట్టు మాత్రమే. లోపల అందరూ ఎందుకు అరుస్తున్నారో చూడాలని తహసీన్ మెడ సాచి చూస్తోంది. ఏమీ కనిపించనట్టుంది, కళ్లు అటూ ఇటూ వెతుకుతున్నాయి. ఇంద్రజ ఈ వీడియోను తన ఫోనులో ఎన్నోసార్లు చూసుకుంది. అరచేతిలో చూసినప్పుడు ఆ కిటికీ గోడ మీద మరకలా కనిపించింది తప్ప, అందులో మనుషులున్నారని తెలియలేదు. ఇప్పుడు తెర మీద తహసీన్ మొహం తలుపంత ఉంది.

బొమ్మ ముందుకు పోయింది. హాల్లో చప్పట్లు మొదలయ్యాయి. ఎవరూ గమనించలేదని ఇంద్రజకు మొదట అనిపించింది. తర్వాత పక్కకు చూసింది. సర్దార్‌బీ చప్పట్లు కొట్టడం లేదు. బిడ్డ కనిపించిన సంతోషంలో తెర వైపు చూపించబోయి పైకెత్తిన చెయ్యి సగంలో ఆగిపోయి ఉంది. ఆ చేతిని ఆమె నిదానంగా దించి ఒళ్లో పెట్టుకుంది. ఇంద్రజ వైపు తిరగలేదు.

దీపాలు వెలిగాక సర్దార్‌బీని వేదిక మీదికి పిలిచారు. ఆమె లేచి నడిచింది. ఆ నాలుగడుగుల దూరంలో ఇంద్రజకు ఆమెను ఆపి, చెయ్యి పట్టుకుని ఏదో ఒకటి చెప్పుకోవాలనిపించింది. కానీ లేవలేదు. ఇంతమంది ముందర ఈమె నిజం చెప్పేస్తే తన గతేమిటని మాత్రమే ఆ నిమిషంలో ఆమె ఆలోచించింది. ఆ పిల్లల గురించి కాదు. ఆ సంగతి తర్వాత తలుచుకున్నప్పుడల్లా ఆమెకు మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

సర్దార్‌బీ మైకు ముందర నిలబడింది. పొద్దున్నుంచి వల్లించుకున్న మొదటి మాట వదిలేసింది. బస్సులో ఒక్కసారి కూడా అనని మాటలు చెప్పింది.

"మా మేడమ్ మంచిది. పిల్లోల్లంటే పానం. మా పాప రోజూ మాయిటాల, దీపాలు పెట్టే పొద్దు ఫోన్లో పాఠం చూస్తాది. మాగ్గూడా చూపిస్తాది. మాకు శానా సంతోషం."

అంతే చెప్పి దిగొచ్చింది. హాలంతా మళ్లీ చప్పట్లు. చదువురాని తల్లి కూడా బిడ్డతో కలిసి పాఠం చూస్తోందంటే ఈ పద్ధతి ఎంత దూరం పోయిందో గమనించమని అధికారి మైకు తీసుకుని పొగిడాడు. ఆ పొగడ్తల వేడిలోనే ఇంకో మాట చెప్పాడు. వచ్చే గురువారం తామంతా ఆ బడికే వస్తామని, ఇంద్రజ తరగతిని అక్కడి నుంచే జిల్లాలోని బళ్లన్నింటికీ నేరుగా చూపిస్తామని, ముందస్తు తయారీ ఏమీ వద్దని, ఏ పిల్లను లేపి అడిగినా జవాబు రావాలని అన్నాడు. రాజశేఖర్ సార్ లేచి నిలబడి చేతులు జోడించాడు. ఇంద్రజ కూడా లేచి జోడించింది.

రాజశేఖర్ సార్ అధికారులతో భోజనానికి ఉండిపోయాడు. ఆడవాళ్లిద్దరూ తిరుగు బస్సెక్కారు. ఇద్దరికీ ఒకే సీటు దొరికింది. సర్దార్‌బీ కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూ ఉంది. ఊరు దాటింది, వరి పొలాలు వచ్చాయి, శిరివెళ్ల మెట్ట దగ్గర సగం బస్సు దిగిపోయింది. అప్పటిదాకా ఆమె నోరు విప్పలేదు. తిట్టినా బాగుండునని ఇంద్రజకు అనిపించింది.

ఆఖరికి ఆమే, "వెనకెక్కడో ఉంటాదంటిరే మేడమ్" అంది, తల తిప్పకుండానే. "బయట ఉండాది నా బిడ్డ."

"ఆరోజు లైబ్రరీలో పుస్తకాలు చెదిరిపోయి ఉంటే అక్కా, సర్దమని పంపించినా..."

"వద్దు." సర్దార్‌బీ ఇటు తిరిగింది. ఆమె గొంతులో కోపం కంటే అలసట ఎక్కువుంది. "ఈ పొద్దుకు ఒక అబద్ధం చాలు. అది నేను చెప్పేసినా."

ఇంద్రజ తల దించుకుంది. కండక్టరు వచ్చి ఎవరితోనో చిల్లర గురించి మాట్లాడి వెళ్లాక అడిగింది.

"ఎందుకు చెప్పినారక్కా అట్లా? నేను అడగలేదే."

"భయమేసింది మేడమ్. అంతమంది ముందర మిమ్మల్ని దించేస్తే, రేప్పొద్దున నా బిడ్డకు పాఠం చెప్పాల్సింది మళ్లా మీరే గదా. దాని మీద మనసులో పెట్టుకుంటారేమో అనిపించింది."

మంచితనంతో చెప్పిందనుకుంటే ఇంద్రజ ఎట్లాగో భరించేది. భయంతో చెప్పింది. ఇన్నేళ్లుగా తను చేసిన ఉద్యోగానికి ఒక తల్లి ఇచ్చిన మర్యాద అదని అర్థమయ్యేసరికి ఆమెకు చెవులు వేడెక్కాయి. నేను అట్లాంటిదాన్ని కాదక్కా అనబోయి ఆగిపోయింది. ఆ మాట నమ్మించడానికి తన దగ్గర ఏముందని?

సర్దార్‌బీ ఇక ఆగలేదు. ఆమె చెప్పిందంతా ఇంద్రజ ఒక్కొక్క మాటే వింది. షఫీ జీపు దీపాలు పెట్టాక గానీ ఇంటికి రాదు. దారి పొడుగునా యాత్రికులకు ఫోన్లు చేసీ చేసీ వాడి ఫోనులో చార్జింగు ఉండదు. తహసీన్ దాన్ని గోడకు తగిలించి పక్కనే చాపేసుకుని కూర్చుంటుంది. అది వెలిగేలోపు ఆ పిల్లకు కళ్లు మూతలు పడతాయి. ఒకసారి వాడు విసుక్కున్నాడు కూడా, ఆ తర్వాత అడగడం మానేసింది. బళ్లో ఏం జరిగిందని తల్లి అడిగితే, ఈ పొద్దు మేడమ్ పాఠం ఇయ్యలేదు అని చెప్పేది. ఎన్ని రోజులు ఇయ్యకుండా ఉంటారని సర్దార్‌బీకి అనుమానం వచ్చింది గానీ, పెద్ద చదువులవాళ్లకు తనేం చెప్పగలదని ఊరుకుంది.

"ఫోను లేనోల్లకు బళ్లోనే వేరేగా చెప్తాంటారనుకున్నా" అంది చివరికి.

"కొన్నాళ్లు చెప్పినా అక్కా."

"మళ్లా?"

తీరిక లేకపోయిందని చెప్పొచ్చు. కానీ వీడియోలో తన మొహం మీద వెలుతురు సరిగా పడటానికి కిటికీ ముందర కుర్చీని ఎన్నిసార్లు జరుపుకుందో, ఆ తీరిక ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు గుర్తొచ్చింది.

"మానేసినా" అంది.

సర్దార్‌బీ బురఖా సర్దుకుంది. "ఇంటికి రండి" అంది తర్వాత. "అది బడి విడిస్తానే వచ్చి కాసుకోనుంటాది, నంద్యాలలో ఏం జరిగిందని అడుగుతాది. నేను చెప్పలేను. మీరే చెప్పండి."

ఆళ్లగడ్డలో దిగి, ఆటోలో ఊరు చేరేసరికి ఎండ తగ్గుముఖం పట్టింది. సర్దార్‌బీ ఇంటి వరండా నిండా సగం కుట్టిన బొంత పరిచి ఉంది. తహసీన్ దాని అంచున కూర్చుని రంగురంగుల పేలికల్ని వేరు చేస్తోంది. మేడమ్ తమ ఇంటికి రావడం చూసి ఆ పిల్ల గబుక్కున లేచింది. లోపలికి పరుగెత్తి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, గౌనుతోనే తుడిచి వేసింది. మొహం వెలిగిపోతోంది.

"అందురూ చూసినారా మేడమ్ మన వీడియో? బాగొచ్చిందా?"

మన వీడియో అంది. ఇంద్రజ కుర్చీలో కూర్చోలేకపోయింది. బొంత పక్కన నేల మీదే చతికిలబడింది. సర్దార్‌బీ బురఖా తీసి పక్కన పెట్టి, గుమ్మానికి ఆనుకుని నిలబడి, మధ్యలో కల్పించుకోనన్నట్టు చేతులు కట్టుకుంది.

"చూసినారమ్మా. అందులో నువ్వు కనిపించినావు. కిటికీ దగ్గర."

తహసీన్ మొహంలో వెలుగు చప్పున ఆరిపోయింది. ఒకసారి తల్లిని చూసి, మళ్లీ ఇంద్రజను చూసింది.

"కిటికీ కాడికి రాగూడదనే అనుకున్నా మేడమ్. పుస్తకాలన్నీ సర్దేసినాం. లోపల అందురూ అరిసేసరికి ఏమైందో చూద్దామనిపించింది. వీడియో చెడిపోయిందా? తప్పయింది మేడమ్. జాన్ గూడా నా వల్లే వచ్చినాడు, వాన్ని ఏమనద్దండి."

బస్సులో తల్లి మాటలకు దించుకున్న తలను ఇంద్రజ ఇప్పుడు ఎంత దించినా చాల్లేదు. దారి పొడుగునా ఆమె చెప్పుకోవాల్సిన మాటలు కూడబలుక్కుంటూ వచ్చింది. తను క్షమించమని అడగాలి, పిల్ల ఏడిస్తే ఓదార్చాలి, ఇట్లా ఏవేవో అనుకుంది. పిల్లే తనను క్షమించమని అడుగుతుందని అనుకోలేదు.

"తప్పు నీది కాదు తహసీన్. నాది" అంది. "పుస్తకాలు సర్దించాలని పంపలేదు మిమ్మల్ని. మీకు జవాబులు రావడం లేదని, వీడియో బాగుండాలని బయటికి పంపించినా. మీకు జవాబులు రాకపోవడం కూడా నా తప్పే."

తహసీన్ ఆశ్చర్యపోలేదు. చిన్నగా తలూపింది.

"తెలుసు మేడమ్."

అయిదుగురికీ ఆరోజే తెలుసు. అడగకుండా వెళ్లిపోయింది తెలియక కాదు. వాళ్లకు తెలుసన్న సంగతి తెలియనిది తనకొక్కదానికే. ఇంద్రజ పేలికల కుప్పలోంచి ఒక ముక్క తీసుకుని, ఏం చేస్తోందో తెలియకుండానే మడతలు పెడుతూ కూర్చుంది.

ఆమె బాధపడుతోందని పిల్లకు అర్థమైంది. దగ్గరికి జరిగి, ఊరడిస్తున్నట్టుగా చెప్పింది. నంద్యాల కబురు అప్పటికే ఊరికొచ్చిందట. బడి గ్రూపులో హెడ్మాస్టరు పెట్టిన సందేశం లావణ్య వాళ్లమ్మ చదివిందట, గురువారం పెద్ద పెద్ద సార్లు వస్తారని లావణ్య వచ్చి చెప్పిందట.

"మీరేం దిగులు పెట్టుకోవద్దండి మేడమ్. ఆ పొద్దు మేము అయిదుగురం రాంలే. మాట్లాడుకున్నాం. నేను జరమని చెప్తా. జాన్ వాళ్లవ్వ ఊరికి పోతాడంట. ఒకడు యాగంటికి పోతాన్నామని చెప్తాడు. అందురూ ఒకే మాట చెప్తే అనుమానమొస్తాదని తలా ఒకటి అనుకున్నాం."

గుమ్మం దగ్గర సర్దార్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి తిరిగింది.

ఇంద్రజకు కన్నీళ్లు రాలేదు. వస్తే కొంత తేలికయ్యేదేమో. తన తరగతిలో పిల్లలకు తను నిజంగా నేర్పిన పాఠం ఇదన్నమాట. ఎవరు కనిపించాలో, ఎవరు కనిపించకూడదో వాళ్లే లెక్కేసుకుని, బయటికి పంపే శ్రమ కూడా లేకుండా, తమంతట తామే తప్పుకోవడం. ఫోను లేని పిల్లలు ఎంత చక్కగా నేర్చుకున్నారు.

"గురువారం మీరు అయిదుగురూ రావాలి" అంది. "ముందు బల్ల దగ్గర కూర్చోవాలి."

"మాకు రాదు గదా మేడమ్. ఆ సార్లు అడిగితే?"

"రాదని చెప్పండి. ఎందుకు రాదో నేను చెప్తా."

తహసీన్ నమ్మనట్టు చూసింది. ఆ చూపు ముందర మాటలు చాలవనిపించి ఇంద్రజ సంచీలోంచి ఫోను తీసింది. ఆమ్లాల పాఠం తెరిచి, పిల్ల చేతిలో పెట్టింది. తహసీన్ ముందు రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకుంది. తర్వాత గోడకు ఆనుకుని కూర్చుని, మోకాళ్ల మీద ఆనించుకుంది. ఫోనులో ఇంద్రజ గొంతు, ఏందప్పా ఈ నిమ్మకాయ ఇంత పులుపుండాది అని మొదలుపెట్టగానే కిసుక్కున నవ్వింది. సర్దార్‌బీ కూడా నెమ్మదిగా వచ్చి బిడ్డ వెనక కూర్చుంది. ఊరంతా ఎప్పుడో చూసేసిన పాఠాన్ని ఆ ఇంట్లో ఇప్పుడు మొదటిసారి చూస్తున్నారు. కాసేపటికి తహసీన్ బొమ్మను ఆపి, మజ్జిగ గూడా పులుపే కదా, మరి కాగితం మారదా అని అడిగింది. ఇంద్రజ నోరు తెరిచి చెప్పబోయి, "ఇంట్లో మజ్జిగుందా?" అంది. పిల్ల లేవబోయింది.

అంతలో పాఠం ఆగిపోయి ఫోను మోగింది. రాజశేఖర్ సార్.

ఆయన ఫోనులో మాట్లాడితే పక్కవాళ్లకు కూడా వినిపిస్తుంది. ఇంద్రజ ఫోను చెవికి పెట్టుకునేలోపే గొంతు వరండా అంతా పాకింది. హాల్లో ఎవరో ఆ తెరను ఫోటో తీశారట. కిటికీ చుట్టూ ఎర్రగా గీత గీసి, ఈ పిల్లల్ని బయట ఎందుకు నిలబెట్టారని టీచర్ల గ్రూపుల్లో పెట్టారట. మధ్యాహ్నం నుంచి అది అన్నిచోట్లా తిరుగుతోందట. అధికారి ఇప్పుడే తనకు ఫోన్ చేసి గట్టిగా అడిగాడట.

"నేను సర్దేసినాలే మేడమ్. వాళ్లు మన పిల్లలు కాదు, పక్కనుండే ఎలిమెంటరీ బడి పిల్లలు, ఆడుకుంటా వచ్చినారని చెప్పినా. రేప్పొద్దున మిమ్మల్ని పిలిపిస్తాడు. మీరూ అదే చెప్పాల. ఆ సర్దార్‌బీకి గూడా ఏదో ఒకటి నచ్చజెప్పండి. ఆమె నోరు జారకపోతే చాలు, ఇద్దరం బయటపడతాం. వింటాండారా?"

"వింటున్నా సార్."

"మీ పక్కన ఎవురూ లేరు గదా?"

మజ్జిగ కోసం లేచిన తహసీన్ గుమ్మంలోనే ఆగిపోయింది. వాళ్లు మన పిల్లలు కాదు అన్న మాట దగ్గర ఆ పిల్ల కళ్లు ఒక్కసారి రెపరెపలాడటం ఇంద్రజ చూసింది. ఇప్పటికీ లేరని చెప్పొచ్చు. ఫోను కట్ చేసి, ఈ తల్లీబిడ్డలకు ఏదో ఒకటి నచ్చజెప్పొచ్చు. వాళ్లు ఒప్పుకుంటారు కూడా. అది తెలుసు కాబట్టే ఆమెకు ఒళ్లంతా సిగ్గుతో కుంచించుకుపోయింది.

"ఉన్నారు సార్" అంది. "తహసీన్ ఉంది. వాళ్లమ్మ ఉంది. మీరు చెప్పిందంతా విన్నారు."



సర్దార్‌బీ లేచి నిలబడింది. ఒళ్లో పడ్డ దారపు పోగులు దులుపుకుంది. పొద్దున మైకు ముందర నిలబడిన మనిషిలా లేదు ఇప్పుడు.

"ఆ ఫోను ఇట్లియ్యండి మేడమ్. నా బిడ్డ ఏ బడి పిల్లో నేను చెప్తా" అని చెయ్యి చాపింది.